అప్పు తీరింది సరే, కార్డు మూయాల్నా వద్దా?

మన పల్లెల్లో అప్పు తీరిందంటే దానికొక గుర్తు ఉంటాది. నోటు. అసలు, వడ్డీ లెక్కగట్టి దుడ్లు చేతిలో పెట్టినాక అప్పిచ్చినాయన నోటు తెచ్చి ఇస్తాడు. దాని మీద చెల్లు రాయించుకుంటాం, లేదంటే ఆయన కండ్ల ముందరే చింపేస్తాం. నోటు చిరిగిందంటే ఆ యవ్వారం ముగిసినట్లే. మా జేజినాయన కాలంలో అంతే, ఇప్పుడూ అంతే.

క్రెడిట్ కార్డు కాడికి వచ్చేతలికి ఈ పద్ధతి పనిచేయదు. రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల పిల్లోళ్లు బెంగళూరో హైదరాబాదో పోయి, ఉద్యోగం దొరికిన మొదటి ఏడే కార్డు తీసుకుంటాండారు. ఫోను ఈఎంఐలో, బట్టలు ఈఎంఐలో, చెల్లెలి పెండ్లికి కొంత, దసరాకు కొంత. కొన్నాళ్లకు బాకీ జీతం మించిపోతాది. ఆఖరికి ఇంట్లో శనగలమ్మిన దుడ్లో, అమ్మ మెడలో దండ బ్యాంకులో పెట్టి తెచ్చిన దుడ్లో పోసి కట్టేస్తాండారు. కట్టిన రోజు కోపంగా కత్తెర తీసుకోని కార్డు రెండు ముక్కలు చేసి, "ఇంగ అయిపోయింది లేన్నా" అంటారు.

అయిపోలేదు. ముక్కలైంది ప్లాస్టిక్కు మాత్రమే. బ్యాంకు కాడ ఖాతా అట్లనే ఉంటాది.

ఒకాయన సంగతి చెప్తా. పేరు వద్దు, బ్యాంకు పేరూ వద్దు. హైదరాబాదులో పని మానుకోని ఊరికొచ్చి సేద్యం చేసుకుంటాండాడు. వచ్చే ముందర కార్డు బాకీ లక్ష పైచిలుకు నికరంగా కట్టేసి, కార్డు కత్తిరించి చెత్తలో ఏసినాడు. ఫోన్ నెంబరు కూడా మార్చినాడు. ఆ కార్డుకు ఏడాదికి 999 రూపాయల ఫీజు ఉండాది, 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179. ఏడాది తిరిగేతలికి ఆ ఫీజు కార్డు మీద పడింది. మెసేజీ పాత నెంబరుకు పోయింది. కట్టలేదని లేటు ఫీజు, దాని మీద వడ్డీ, వడ్డీ మీద మళ్లా జీఎస్టీ. ట్రాక్టరు లోనుకు పోతే బ్యాంకులో సారు కంప్యూటరు చూసి, "నీ మీద పాత బాకీ ఉండాది గదప్పా" అన్నాడు. లక్ష కట్టిన మనిషి వెయ్యి రూపాయల కాడ ఎగ్గొట్టినోళ్ల లెక్కలో పడినాడు.

కాబట్టి కార్డు విషయంలో మీకు ఉండేవి రెండే దోవలు. ఖాతాను పద్ధతి ప్రకారం మూయించడం, లేదంటే తెరిచిపెట్టి దాని మీద ఒక కన్నేసి ఉంచడం. కత్తిరించి మర్చిపోయేది దోవ కాదు.

మూయాల్నా వద్దా అంటే ఇంట్లో ఒక మాట, ఫోన్లో ఒక మాట వినిపిస్తాది. ఇంట్లో పెద్దోళ్లు "ఆ పీడ వదిలించుకో నాయనా" అంటారు. యూట్యూబులో సూటు ఏసుకున్నాయన "ఎప్పటికీ మూయొద్దు, స్కోరు పడిపోతాది" అంటాడు. రెండిట్లోనూ సగం నిజం ఉండాది. ఏ సగమో చూడాలంటే స్కోరు సంగతి కొంచెం తెలియాల.

స్కోరు అంటే మన అప్పుల నడవడికకు వేసే మార్కు, 300 నుంచి 900 దాకా. సిబిల్ అనే సంస్థ 2000లో పుట్టింది కాబట్టి అందరూ సిబిల్ స్కోరనే అంటాండారు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకా మూడు సంస్థలు ఇదే పని చేస్తాండాయి. పాతకాలంలో అప్పిచ్చే ముందర "వాళ్ల నాయన మాట మీద నిలబడే మనిషేనా?" అని నలుగురినీ అడిగేవాళ్లు గదా, ఇప్పుడు ఆ అడిగే పని కంప్యూటరు చేస్తాంది. చెప్పిన తేదీకి కట్టినావా లేదా అనేదానికే అన్నిటికంటే ఎక్కువ విలువ. ఆ తర్వాత నీకిచ్చిన లిమిట్‌లో ఎంత వాడినావు, నీ ఖాతాలు ఎంత పాతవి, ఈ మధ్య ఎన్ని చోట్ల అప్పులకు అర్జీ పెట్టినావు అనేవి చూస్తారు.

యూట్యూబులో వినపడే "మూయొద్దు" అనే సలహాలో శానా భాగం అమెరికా నుంచి దిగింది. ఆడ ఫైకో అని స్కోరు ఉండాది. దాంట్లో వేళకు కట్టినదానికి 35 శాతం, ఎంత బాకీ పెట్టుకున్నావనే దానికి 30 శాతం, ఖాతాల వయసుకు 15 శాతం విలువ ఇస్తారు. మన సిబిలోళ్లు కూడా ఇట్లాంటి సంగతులే చూస్తారు గానీ, శాతాలు కూడా అవేనని అనుకోవద్దు. ఇంకొకటి, మూసిన ఖాతా ఆ పొద్దే రిపోర్టులోంచి మాయం కాదు. "క్లోజ్డ్" అని రాసుకోని కొన్నేండ్లు ఆడనే ఉంటాది. నువ్వు బాగా కట్టిన చరిత్ర కూడా దాంతోపాటే ఉంటాది. అందుకే "మూసిన మరుసటి పొద్దే నీ చరిత్రంతా తుడిచిపెట్టుకుపోతాది" అని బెదిరించే మాటను నేను లెక్కపెట్టను.

నిజంగా దెబ్బ తగిలేది లిమిట్ కాడ. దాన్ని మా మండలంలో ఒక పిల్లోని లెక్కతో చెప్తా. ఇట్లాంటి కాగితాలు చదివేది నాకు అలవాటని తెలిసి, వాడూ వాళ్లమ్మా వచ్చినారు. మూడు కార్డులు. మొదటిది ఐదేండ్ల పాతది, లిమిట్ 40,000, ఏడాది ఫీజు లేదు. రెండోది లిమిట్ 1,50,000, ఫీజు 1,500, జీఎస్టీతో 1,770. మూడోది ఆన్‌లైన్ షాపింగు కోసం తీసుకున్నది, లిమిట్ 60,000. మొత్తం లిమిట్ రెండున్నర లక్షలు. దాంట్లో 1,90,000 వాడేసి కూర్చున్యాడు.

ఆ 1,90,000 ఎట్ల తిన్నాదో చూడండి. మన దగ్గర వడ్డీ అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అనే గదా అడుగుతాం. రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు, మూడు అంటే "అబ్బో" అంటాం. కార్డు స్టేట్‌మెంటులో 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటాది. అది ఏడాదికి కాదు, నెలకు. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి 42 శాతం. పల్లెలో మూడున్నర వడ్డీకి ఇస్తానని ఎవురన్నా అంటే ఆ ఇంటి గడప తొక్కం, కానీ అదే వడ్డీ ఇంగ్లీషులో రాసి, ఏసీ రూములో కూర్చోబెట్టి ఇస్తే సంతకం పెడతాండాం. 1,90,000 మీద నెలకు 6,650 వడ్డీ. వడ్డీ మీద జీఎస్టీ 1,197. మొత్తం 7,847. కనీస బకాయి 5 శాతం లెక్కన 9,500 కట్టినాడనుకోండి, అసల్లో తగ్గేది 1,653 రూపాయలు. ఏడాదంతా కొత్తగా ఒక్క రూపాయి వాడకుండా ఇట్లనే కట్టినా అసలు 20,000 కూడా తగ్గదు. పాత బాకీ ఉండగా కొత్తగా ఏమైనా కొంటే దానికి గడువు రోజులు ఉండవు, కొన్న పొద్దు నుంచే వడ్డీ.

ఇంత వడ్డీ చట్టానికి ఒప్పేనా అని అడుగుతారు. 30 శాతం దాటి వసూలు చేసేది అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు పోయినాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఈ వడ్డీకి అడ్డుకట్ట కోర్టు నుంచి వస్తాదని కాచుకోని కూర్చోవద్దు.

వాళ్లమ్మ దండ, గాజులు ప్రొద్దుటూరులో బ్యాంకులో పెట్టింది. బ్యాంకులో బంగారం మీద అప్పు నూటికి రూపాయికి అటూ ఇటూ పడతాది. దానికి శనగల దుడ్లు కలిపి మూడు కార్డులూ కట్టేసినారు. మూడున్నర వడ్డీ అప్పును రూపాయి వడ్డీ అప్పుతో తీర్చడం మంచి పనే. కానీ అప్పు తీరలేదు, కార్డు మీద నుంచి అమ్మ బంగారం మీదికి మారింది. కార్డు మూయాల్నా వద్దా అనే మాట ఈ సంగతి గుర్తుపెట్టుకోనే మాట్లాడాల.

ఇప్పుడు లిమిట్ లెక్క. పిల్లోడు నెలకు 10,000 కార్డు మీద వాడినాడనుకుందాం. మూడు కార్డులూ ఉంటే రెండున్నర లక్షల్లో అది 4 శాతం. పెద్ద కార్డులు రెండూ మూసేస్తే 40,000లో 25 శాతం. ఏదో ఒక నెల పండగకు 30,000 వాడితే 75 శాతం. 30 శాతం దాటకుండా ఉంటే మేలని అందరూ చెప్పే కొండగుర్తు. అది దాటితే "వీనికి చేతిలో దుడ్లు ఆడతాలేవు" అని స్కోరు కిందికి జారుతాది. యూట్యూబాయన చెప్పిన సగం నిజం ఇదే.

కానీ ఆ లెక్కలో ఒక మెలిక ఉండాది. మిగిలిన కార్డు మీద బాగా వాడేవానికే ఈ దెబ్బ. నెలకు ఒక కరెంటు బిల్లు కట్టి ఊరుకునేవానికి లిమిట్ 40,000 అయితే ఏమి, రెండున్నర లక్షలైతే ఏమి? పైగా పెద్ద ఖర్చు పడిన నెల, బిల్లు తయారయ్యే తేదీకి ముందరే కట్టేస్తే బిల్లులో తక్కువే కనపడతాది. ఇట్ల జారిన స్కోరు వాడకం తగ్గిన కొన్ని నెలలకు మళ్లా ఎక్కుతాది కూడా. నెలల తరబడి కట్టకుండా పోయిన మచ్చ అట్ల కాదు, అది ఏండ్ల తరబడి ఉంటాది.

మూడో కార్డు గురించి ఆలోచించేది ఏమీ లేదు, ఈఎంఐలు మిగలకుండా చూసుకోని మూసెయ్యమన్నా. మొదటిదానికి ఫీజు లేదు, పాతది, లిమిట్ చిన్నది. ఉంచమన్నా. చిక్కంతా రెండోదాని కాడ వచ్చింది. వాళ్లు ఇల్లు కట్టుకోను లోను అడగాలని అనుకుంటాండారు. పుస్తకం ప్రకారం అయితే లోను చేతికి వచ్చినదాకా కార్డులు కదిలించకూడదు, వచ్చినాక మూసుకోవచ్చు. ఆ మాటే చెప్పినా.

చిన్నమ్మ ఒప్పుకోలేదు. "నాయనా, నీ స్కోరు సంగతి నాకు తెలీదు. లక్షన్నర ఇంట్లో పెట్టి వాన్ని ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉంటాడా? ఈసారి పెట్టేదానికి నా మెడలో ఏముండాది?" అనింది.

నేను దానికి ఎదురు చెప్పలేదు. ఎందుకంటే ఆమె మాటే న్యాయం. స్కోరు అనేది అప్పు పుట్టేదానికి పనికొచ్చే మార్కు. అప్పుతో కాలిన చేతికి ముందర కావాల్సింది ఇంకో అప్పు పుట్టేది కాదు. ఇంటి లోనుకు ఒక రవ్వ ఎక్కువ వడ్డీ పడినా తట్టుకోవచ్చు, మళ్లా మూడున్నర వడ్డీ గుంతలో పడితే తట్టుకునేది కష్టం. నికరంగా చేయి అదుపులో ఉండేవాళ్లు లోను వచ్చినదాకా ఆగండి. మీ మీద మీకే అనుమానం ఉంటే ఆగొద్దు. ఈ తేడా ఏ సిబిలూ చెప్పదు, మీకూ మీ ఇంట్లోవాళ్లకే తెలుస్తాది.

ఉంచుకున్న కార్డుకు కూడా కాపలా కావాల. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. అంటే టీ బంకు కాడ, ఎరువుల అంగడి కాడ స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌కే అప్పు దుడ్లు పోతాయి. ఖాతాలో దుడ్లు తగ్గినట్లు కనపడదు కాబట్టి చేతికి నొప్పి తెలీదు. కార్డు బీరువాలో పెట్టి తాళం ఏసినా, ఫోను జేబులోనే ఉంటాది గదా. అందుకే ముందర యూపీఐ యాప్‌లోంచి ఆ కార్డు తీసెయ్యండి. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆఫ్ చేసే మీటలు ఉంటాయి, ఒక్కోదానికి ఎంతవరకు అని హద్దు కూడా పెట్టుకోవచ్చు. మొత్తం లిమిటే తగ్గించమని బ్యాంకును అడగొచ్చు. అట్లని అసలు ముట్టుకోకుండా వదిలేస్తే, ఏడాది దాటినాక బ్యాంకోళ్లు మెసేజీ పంపి, 30 రోజుల్లో జవాబు రాకుంటే వాళ్లే మూసేయొచ్చు. రెండు మూడు నెలలకోసారి చిన్న బిల్లు ఒకటి కట్టి, వచ్చిన బాకీ మొత్తం తీర్చేస్తే సరిపోతాది. మొత్తం అన్నా. కనీస బకాయి కాదు.

ఇంగ మూయించే పద్ధతి. బిల్లు మొత్తం కట్టినాక వెంటనే మూయమని అడగొద్దు, ఇంకో బిల్లు వచ్చినదాకా చూడండి. పాత బాకీ మీద బిల్లు తయారైన తేదీ నుంచి మీరు కట్టిన తేదీ వరకు వడ్డీ తర్వాతి బిల్లులో తోక మాదిరి వస్తాది. మా పిల్లోనికి 2,300 తోక వచ్చింది. ఆ కార్డుకు ఏమేమి ఆటోమేటిగ్గా కట్టుకుంటాండాయో చూడండి: సినిమా యాప్, ఫోన్ రీచార్జి, ఇన్సూరెన్సు. అవన్నీ వేరే ఖాతాకు మార్చండి. రివార్డు పాయింట్లు ఉంటే వాడేసుకోండి, మూసినాక అడిగితే ఎవురూ ఇయ్యరు.

తర్వాత అర్జీ. ఈడ మనకు గట్టి నిబంధన ఉండాది, శానామందికి తెలీదు. 2022 ఏప్రిల్‌లో ఆర్బీఐ ఇచ్చిన ఆదేశాలు, జూలై 1 నుంచి అమలు. బాకీ ఏమీ లేకుంటే, మూయమని అడిగిన 7 పని దినాల్లో బ్యాంకు మూసి తీరాల. మూయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు బ్యాంకే మనకు కట్టాల. యాప్‌లో, వెబ్‌సైటులో, ఈమెయిల్లో, ఫోన్లో అడిగే వీలు వాళ్లు ఇయ్యాల. పోస్టులో కాగితం పంపితేనే మూస్తామని పట్టుబట్టకూడదు. మనది ఏమైనా ఎక్కువ కట్టింటే ఆ దుడ్లు మన ఖాతాకు తిరిగి ఏయాల. మూసిన సంగతి 30 రోజుల్లో సిబిల్ మాదిరి సంస్థలకు చెప్పాల. ఫోన్ చేస్తే ఆడ కూర్చున్న పిల్ల "సార్, ఫీజు మాఫీ చేస్తాం, లిమిట్ పెంచుతాం" అని తియ్యగా మాట్లాడతాది. ఆమె ఉద్యోగం ఆమెది, కోపం చేసుకోవద్దు. "మూసెయ్యమ్మా" అని అదే మాట మళ్లా చెప్పండి.

మూసినాక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం తీసుకోండి. మన నోటు మీద చెల్లు రాసినట్లు అన్నమాట. నెలా నెలన్నర తర్వాత రిపోర్టు తీసి చూడండి. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఊరికే ఇయ్యాలని నిబంధన ఉండాది, దానికి ఎవురికీ దుడ్లు కట్టొద్దు. దాంట్లో ఆ ఖాతా ఎదురుగా "క్లోజ్డ్" అని ఉండాల, బాకీ సున్నా ఉండాల. తప్పుంటే ఆ సంస్థకూ బ్యాంకుకూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకుంటే రోజుకు 100 రూపాయలు పరిహారం వచ్చే నిబంధన కూడా ఆర్బీఐ పెట్టింది. బ్యాంకు పలక్కపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉండాడు, 14448కి ఫోన్ చేస్తే ఎట్ల ఫిర్యాదు పెట్టాల్నో చెప్తారు.

"క్లోజ్డ్" అనే మాట పక్కన "సెటిల్డ్" అనే ఇంకో మాట ఉండాది, రెండూ ఒకటి కాదు. వసూలుకు వచ్చేవాళ్లు "లక్షకు నలభై వేలు కట్టు తమ్ముడూ, మిగతాది మాఫీ" అంటారు. కట్టేస్తే పోరు ఆగుతాది, నిజమే. కానీ రిపోర్టులో సెటిల్డ్ అని పడతాది, అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. రేపు ఇంటి లోనుకైనా, బండి లోనుకైనా, పంట రుణానికైనా బ్యాంకోళ్లు ఆ మాట కాడ ఆగిపోతారు. వేరే గతి లేనివాళ్లు అట్లనే తీసుకుంటారు, వాళ్లను తప్పుపట్టను. మిగతా పైకం కూడదీసుకునే వీలుంటే మాత్రం మొత్తం కట్టి క్లోజ్డ్ రాయించుకోండి.

మెయిల్‌లో ఏం రాయాలని అడుగుతాండారు కాబట్టి అదీ చెప్తా. నా పేరు ఇది, ఈ చివరి నాలుగు అంకెల కార్డు మీద బాకీ ఏమీ లేదు, ఖాతా మూసి, బాకీ లేదనే పత్రం పంపండి. ఇంతే, తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా తేదీతో సహా దాచిపెట్టుకోండి. కార్డు నెంబరు మొత్తం రాయొద్దు. బ్యాంకు ఫోన్ నెంబరు గూగుల్‌లో వెతకొద్దు, దొంగ నెంబర్లు ఆడనే కాచుకోని ఉంటాయి. కార్డు వెనక ఉండే నెంబరు చూసుకోండి, అందుకైనా మూసినదాకా దాన్ని కత్తిరించొద్దు. "మీ కార్డు మూస్తాండాం, ఓటీపీ చెప్పండి" అని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసినోళ్లు బ్యాంకోళ్లు కాదు, పెట్టేయండి.